జూన్‌లో పుట్టినవాళ్లు

ఆ పచ్చ నోటుబుక్కు జొన్నపిండి డబ్బాలో ఉందని ఇంట్లో ఒక్క స్వప్నకే తెలుసు. మహిధర్ దానికోసం పొద్దున్నుంచి ఇల్లంతా తిరగేస్తున్నాడు. ఆ డబ్బా పక్కనే కూర్చుని ఆమె రొట్టెలు చేస్తోంది.

స్వప్నకు కోపమొచ్చినా, భయమేసినా చేతులు రొట్టెల మీదికి పోతాయి. తినేది ఇద్దరు. పళ్లెంలో అప్పటికే పదకొండు రొట్టెలు పేరుకున్నాయి. ముప్పయ్యొక్క ఏళ్లు కాపురం చేసిన మొగుడు ఆ పళ్లెం వంక ఒక్కసారి చూసి ఉంటే వెతుకులాట అక్కడితో ఆగేది. కానీ మహిధర్ ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పే లెక్చరర్. కాకతీయుల నాటిది కనిపిస్తుంది కానీ కళ్ల ముందున్నది కనిపించదు.

హాల్లో అత్తమ్మ మనోరమ టీచర్ సందుక పెట్టె మూత తెరిచి ఉంది. ఆమె పోయి మూడు నెలలైంది. ఆమె కాగితాలన్నీ చాప మీద వరసగా పరిచి ఉన్నాయి.

"నలభై ఒకటో నంబరు," అన్నాడు మహిధర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి. చేతిలో కూతురు దీక్షిత సెలవుల్లో రాసిపెట్టిపోయిన జాబితా ఉంది. "ఉత్తరాలున్నయి, అర్జీలున్నయి, ఫోటోలున్నయి. గా పచ్చ బుక్కొక్కటే లేదు. అమర్నాథ్ సార్ సదాశివపేట దాటిండట. ఆయన వస్తున్నదే దానికోసం."

అమర్నాథ్ హైదరాబాదులో ఒక గ్రంథాలయం నడుపుతున్నాడు. ఊళ్లలో బడులు నిలబెట్టిన ఆడవాళ్ల కాగితాలన్నీ ఒకచోట చేర్చి పుస్తకాలు వేస్తాడు. మనోరమ పేరుతో ఒక అర ఖాళీ పెట్టి రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు.

"మిగిలినవి తీస్కపొమ్మనున్రి," అంది స్వప్న రొట్టె తిప్పుతూ.

"మిగిలినవి ఎవరికన్న ఉంటయి. ఆ బుక్కు ఒక్క మా అమ్మకే ఉన్నది." జాబితా దించాడు. "నువ్వు తీసినవా?"

పెనం మీద రొట్టె అంచు మాడింది. ఆమె చేతిలో రొట్టె మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

"తీసినవ్," అన్నాడు మహిధర్.

"తీసిన."

"ఎందుకు?"

"నారమ్మ ఫోన్ చేసింది."

నారమ్మది మొగుడంపల్లి. అక్కడి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పోయిన శుక్రవారం మహిధర్ ఆ బుక్కు మొదటి పేజీ ఫోటో తీసి, టీచరమ్మ పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో పెట్టాడు. 'మా అమ్మ అపురూప సంపద' అని కింద రాశాడు కూడా. పెట్టిన గంటలోపే నారమ్మ స్వప్నకు ఫోన్ చేసి ఏడ్చింది.

"ఆ పేజీల ఆమె పేరు మూడోది," అంది స్వప్న. "పక్కన అసలు తేదీ ఉన్నది, బడి తేదీ ఉన్నది. రెండిటికి మూడేండ్లు తేడా. అది చూసి ఎవడన్న ఒక అర్జీ పెడితే ఆమె కొలువు ఏమైతది?"

"ఎన్కటి ముచ్చట ఎవరడుగుతరు ఇప్పుడు?"

"మీరు అడగరు. అడిగెటోళ్లు లేరా?"

మహిధర్ ఫోన్ అందుకుని, గుంపులోంచి ఆ ఫోటో తీసేశాడు కానీ తప్పు ఒప్పుకోలేదు. తీసేయడమే ఒప్పుకోవడమని ఆయన లెక్క.

ఆ బుక్కు సంగతి చెప్పాలంటే జహీరాబాదు చుట్టుపక్కల పుట్టినరోజుల సంగతి చెప్పాలి. ఈ తాలూకాలో జూన్ నెలలో పుట్టినంత మంది ఇంకెక్కడా పుట్టి ఉండరు. బడి తెరిచేది జూన్‌లో, పేర్లు రాసేది జూన్‌లో, తల్లికీ తండ్రికీ తేదీ తెలియదు కనుక పిల్లలు పుట్టేదీ జూన్‌లోనే. ఏ పంతులైనా అంతే రాసేవాడు. మనోరమ టీచర్ కూడా రిజిస్టరులో అంతే రాసింది. కానీ రాసి ఊరుకోలేదు.

ఆదివారాలు ఆమె ఆ పిల్లల ఇళ్లకు పోయేది. తల్లి దగ్గర కూర్చునేది. "నీ బిడ్డ పుట్టినప్పుడు చేన్ల ఏమున్నది? పున్నమ ముంగటనా, ఎనుకనా? ఎడ్లను కొన్న యేడా, అమ్మిన యేడా?" అని అడిగేది. ముందు తల్లులు నవ్వేవారు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుచేసుకునేవారు. చెరుకు గానుగ ఆడుతున్న కాలం, మొహర్రంలో పీర్లు లేచిన నాడు, అల్లం తవ్వి అమ్మిన వారం. ఇంటికొచ్చి మనోరమ పాత పంచాంగాలు, ఉర్దూ జంత్రీలు ముందేసుకుని ఆ మాటల్ని తేదీలుగా తీసేది. అందుకే ఆ ఇంట్లో ఏ క్యాలెండరూ పారేసేవారు కాదు. స్వప్న కాపురానికొచ్చిన కొత్తలో సజ్జ మీద చుట్టలు చుట్టలుగా క్యాలెండర్లు చూసి, అత్తమ్మకు దేవుడి బొమ్మలంటే ఇంత పిచ్చేమిటా అనుకుంది.

రిజిస్టరులో మాత్రం ఆడపిల్లల వయసు రెండేళ్లో మూడేళ్లో తగ్గించి రాసేది. పిల్లకు పద్నాలుగు రాగానే సంబంధం కుదిర్చిన తండ్రి ముందు ఆ రిజిస్టరు తెరిచి పట్టుకునేది. "నేను కాదు మాట్లాడేది, కాగితం. పన్నెండేండ్ల పిల్లకు పెండ్లి చేస్తె జైలే," అనేది. తండ్రికి తేదీ తెలియదు. కాగితమంటే భయం తెలుసు. అలా ఆపిన పెండ్లిళ్లు ఎన్నో ఆమెకే లెక్క తెలియదు. న్యాల్‌కల్ పిల్లలకు బస్సు వేయమని ఆడవాళ్లతో రోడ్డు మీద కూర్చున్నదీ, ఆడపిల్లల బడికి మరుగుదొడ్లు కట్టేదాకా తహసీల్దారును వదలనిదీ అందరికీ తెలుసు. ఈ తేదీల సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పచ్చ బుక్కు మొదటి పేజీలో ఆమె రాసుకున్న మాట ఒకటుంది. 'బడిల రాసింది బడికోసం. పిల్లది పిల్లకు ఉండాలె.' దాని కింద రెండువందల పదమూడు మంది ఉన్నారు.

"నీకు తెల్వదు స్వప్నా," అన్నాడు మహిధర్ గొంతు తగ్గించి. "మా అమ్మ ఏమిటో లోకానికి తెలవాలె. గింత పని చేసి ఒక్కమాట చెప్పుకోలే. ఏది చేసినా ఎవ్వరికీ చెప్పదు. నా పెండ్లి చూడు. మే నెలల మూడు ముళ్లు వేయించింది, జూన్ల యూనివర్సిటీ హాస్టల్‌కు తోలింది. రెండేండ్లు. పండుగకొస్తే నాకు హాల్ల చాప, నువ్వేమో ఆమె రూంల. నా దోస్తులు నన్ను పెండ్లయిన బ్రహ్మచారి అనెటోళ్లు."

ఈ ముచ్చట చుట్టాల పెండ్లిళ్లలో ఆయన కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ అందరూ నవ్వుతారు, స్వప్న కూడా నవ్వుతుంది. ఈ రోజు నవ్వలేదు.

"బుక్కు ఏడ వెట్టినవ్?"

"చెప్ప."

"స్వప్నా."

"చెప్ప అంటున్న గదా."

మహిధర్ జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. హాల్లోకి పోయి కాగితాల మధ్య కూర్చున్నాడు. ఇద్దరి మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకు అటువైపు కాగితాల చప్పుడు, ఇటువైపు పిండి తట్టే చప్పుడు తప్ప చాలాసేపు ఇంకేమీ వినిపించలేదు. పన్నెండో రొట్టె అయింది.

గేటు కిర్రుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వచ్చింది అమర్నాథ్ కాదు, షరీఫున్నీసా.

ఆమె కోహీర్ దగ్గరి ఒక ఊరి ప్రాథమిక బడికి హెడ్మిస్ట్రెస్. తండ్రి యాకూబ్ ఒకప్పుడు స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. మనోరమ టీచర్ దగ్గర అక్షరాలు దిద్దిన మొదటి బ్యాచిలో పిల్ల ఆమె. చేతిసంచిలో జామపండ్లున్నాయి. ఈ ఇంటికి ఆమె ఉత్త చేతులతో ఎప్పుడూ రాలేదు.

"సలామ్ ఆపా, లోపలికి రా," అని మహిధర్ లేచాడు. ఆమె చాప మీది కాగితాలను తొక్కకుండా అంచునుంచి నడిచి, తిన్నగా వంటింట్లోకి వచ్చి స్వప్న ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"గుంపుల పెట్టిన ఫోటో జూసిన," అంది.

"ఫికర్ వెట్టుకోకాపా. నీ పేరు ఆ పేజీల లేదు. బుక్కు నేను బయటికి పోనియ్య. నీ నౌకరీకి ఏం కాదు."

"నౌకరీకి ఇంక ఏడాదిన్నర ఉన్నది, కాయితం లెక్కల," అంది షరీఫున్నీసా. "నేను దానికి రాలే స్వప్నా."

"మరి?"

షరీఫున్నీసా కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్లీ తీసింది.

"నా మనవరాలు ఫరీన్ అడిగింది మొన్న. నానీ, నువ్వు పుట్టిన దినం నిజంగ జూన్ అయిదేనా అని. వాళ్ల క్లాసుల ఎనిమిదిమంది నానీలు, దాదీలు జూన్లనే పుట్టిన్రట. నవ్విన. కాని నాకు తెల్వది బేటా. నేను బడిల చేరిన యేడే మా అమ్మీ పోయింది. అబ్బాకు గుర్రం వయసు తెల్సు, నాది తెల్వది. నేనెప్పుడు పుట్టిన్నో ఈ దునియల ఇంక ఎవ్వలకు తెల్వది. ఒక్క టీచరమ్మ బుక్కుకే తెల్సు." ఆమె స్వప్న మోకాలి మీద చెయ్యి పెట్టింది. "కాలవెట్టేటట్టుంటె కాలవెట్టు. ముందుగాల నాది నాకు జూపియ్యి."

స్వప్న ఈ మాట అనుకోలేదు. వారం రోజులుగా ఆమె మనసులో రెండే దారులున్నాయి. ఒకటి అమర్నాథ్ సంచి, రెండోది కట్టెల పొయ్యి. బుక్కు పోతే కొందరి కొలువులు నిలబడతాయని లెక్కేసుకుంది కానీ, బుక్కుతో పాటు వాళ్లు పుట్టిన రోజులు కూడా పోతాయని తట్టలేదు.

ఆమె డబ్బా మూత తీసింది. మోచేతి దాకా పిండిలో ముంచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బుక్కును పైకి తీసింది. గుమ్మంలో నిలబడ్డ మహిధర్ అది చూశాడు. షరీఫున్నీసా ముఖం చూసి అక్కడే ఆగాడు.

"నువ్వే చదువు," అంది షరీఫున్నీసా. "నాకు కండ్లు ఆనుతలేవు."

ఆమె కళ్లకు ఏమీ కాలేదు. స్వప్న నాలుగో పేజీ తీసి చదివింది.

"షరీఫున్నీసా. తండ్రి యాకూబ్, టాంగా. తల్లి మాట: రంజాన్ మూడో రోజా. చేన్ల పచ్చి శనగలున్నయి. తెల్లారక ముందు సెహ్రీకి లేచి రొట్టె కాలుస్తుంటె నొప్పులొచ్చినయి. పొద్దు పొడిచేసరికి బిడ్డ పుట్టింది. జంత్రీ చూస్తె మంగళవారం, 29 జనవరి 1963. బడి తేదీ 5 జూన్ 1966."

షరీఫున్నీసా పళ్లెంలోని రొట్టెల వైపు చూస్తూ కూర్చుంది.

"రొట్టె కాలుస్తుంటె," అంది చివరికి. "అమ్మీ మొఖం ఎన్నడో మర్సిన. ఒక్క ఫోటో గూడ లేదు. ఇగో, ఇప్పుడు కండ్ల ముంగట కనవడుతున్నది." కళ్లు తుడుచుకుని నవ్వింది. "అంటే నేను నిరుడే దిగిపోవాలె. ఏడాది పైన ఎక్కువ పనిచేసిన. సర్కారు నాకు సలామ్ కొట్టాలె."

మహిధర్ కూడా నవ్వాడు. వచ్చి పక్కన చతికిలబడ్డాడు. బుక్కు దొరికిందన్న సంతోషం కంటే అది ఇలా చదవాల్సిన బుక్కు అని ఇప్పుడే తెలిసిన వాడిలా ఉన్నాడు. దీక్షిత జాబితా రాస్తున్నప్పుడు ఆయన ముందు పేజీలు నాలుగైదు తిరగేసి మురిసిపోయాడంతే. మిగిలినది అచ్చయ్యాక చదవొచ్చనుకున్నాడు.

షరీఫున్నీసా సంచిలోంచి కాగితం తీసి తేదీ ఎక్కించుకుంది. తల్లి మాట కూడా అక్షరం పోకుండా రాసుకుంది. తర్వాత తన తోటి పిల్లల పేర్ల కోసం పేజీలు తిప్పుతూ, "నువ్వు గూడ టీచరమ్మ బడి పిల్లవే, నీది ఉంటది గద స్వప్నా," అంటూ చివరికి పోయింది.

స్వప్న చెయ్యి దబ్బున పేజీ మీద పడింది. "వద్దాపా."

మహిధర్ ఆ చెయ్యి చూశాడు. పిండి చెయ్యి, ఐదు వేళ్లూ విప్పి పేజీకి అదిమి ఉంది.

"తియ్యి," అన్నాడు మెల్లగా.

స్వప్న ఆయన కళ్లలోకి చూసింది. తర్వాత చెయ్యి తీసింది.

'స్వప్న. తండ్రి రేవణసిద్ధప్ప. తల్లి బస్వమ్మ మాట: చెరుకు గానుగ అయిపొయ్యే ముందు. పుట్టింది 2 ఫిబ్రవరి 1978.' పక్కన అందరికీ ఉన్నట్టే బడి తేదీ, 6 జూన్ 1980. కానీ దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 9 జూన్ 1975 అని రాసి ఉంది. కింద మూడు ముక్కలు. 'ఈ ఒక్క పిల్లకే పెంచిన. తప్పు నాదే. 1996 ఫిబ్రవరి దాక మహి హైదరాబాదులనే చదవాలె.'

మహిధర్ చదివాడు. మళ్లీ చదివాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. పెండ్లి జరిగింది తొంభై నాలుగు మే నెలలో. ఎర్ర సిరా లెక్కన అప్పటికి ఆమెకు పద్దెనిమిది దాటాయి.

"పదహారు," అన్నాడు. "నీకు పదహారేండ్లేనా?"

"నేను గూడ పద్దెనిమిది నిండినయనే అనుకున్న. అత్తమ్మ చెప్పింది గదా."

ఆ రోజు స్వప్నకు బాగా గుర్తుంది. భాల్కి వైపు ఒక రెండో పెండ్లి సంబంధం. పెండ్లికొడుక్కి నలభై. అంతకుముందు రెండుసార్లు రిజిస్టరు చూపించి పెండ్లి ఆపిన టీచరమ్మ, మూడోసారి బీదర్ బస్సు దిగి పొలంలోకే వచ్చింది. నాన్న ఈసారి రిజిస్టరు వైపు చూడనే లేదు. "ఎన్నిసార్లు ఆపుతవ్ టీచరమ్మా? ఈడ కాకుంటె రాష్ట్రం దాటించి చేస్త. నీ కాయితం ఆడ పనిచెయ్యది," అన్నాడు. టీచరమ్మ గట్టు మీద కూర్చుంది. చాలాసేపు కొంగుతో ముఖం విసురుకుంది. "అయితే నాకియ్యి," అంది. చెరుకు చాటున నిలబడి ఆ మాట విన్న పిల్లకు, టీచరమ్మ ఇంట్లో పుస్తకాల అలమారా ఒక్కటే కళ్లముందు మెదిలింది. పెండ్లికొడుకు ఎవరని కూడా అడగలేదు.

ఆ తర్వాత రెండేళ్లు అత్తమ్మ పక్కన మంచం. తెల్లవారుజామున పాఠం, తలకు నూనె, జడ, కాలేజీ. స్వప్న జీవితంలో అంత సుఖమైన రోజులు మళ్లీ రాలేదు. ఆ సుఖం ఎందుకో పోయిన శుక్రవారం దాకా ఆమెకు తెలియదు.

"హాస్టల్," అన్నాడు మహిధర్. తొంభై ఆరు ఫిబ్రవరికి ఆమెకు నిజంగా పద్దెనిమిది నిండాయి. వందసార్లు చెప్పి నవ్వించిన ముచ్చటకు అర్థం ఇదన్నమాట.

షరీఫున్నీసా లేవబోయింది. స్వప్న ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నారమ్మ ఫోన్ చేసింది నిజమే," అంది మొగుడితో. "అబద్ధం చెప్పలే. మీరు ఫోటో పెట్టినంక, ఇంక ఎవరెవరి పేర్లున్నయో అని బుక్కంత చదివిన. చివరికి నాది దొరికింది. నేను దాచింది ఇందుకు."

"అమ్మ మీద కోపమున్నదా?"

"ఉన్నది." ఆ మాట ఆమె నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. "నన్ను ఆ ముసలోని పాలు గాకుంట తెచ్చుకున్నది. కడుపుల పెట్టుకున్నది. నేను దినాం దండం పెట్టుకుంట ఆమెకు. కాని పిల్లా, నీకు ఇష్టమేనా అని ఒక్కమాట అడగలే. తర్వాతనన్న చెప్పలే. మొన్న జూన్ల నాకు యాభై నిండినయని మీరు కేక్ కోస్తిరి. పక్కన కూసోని రెండు ముక్కలు తిన్నది ఆమె. అప్పుడు గూడ చెప్పలే."

షరీఫున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. బహుశా రెండూ కావచ్చు.

మహిధర్ తల వంచుకుని ఆ మూడు ముక్కల మీద వేలు పెట్టి కూర్చున్నాడు. అమ్మ గొప్పతనం లోకానికి చాటాలని పొద్దున్నుంచి వెతికిన పేజీ ఇదే. అమ్మ తప్పు ఒప్పుకున్న పేజీ కూడా ఇదే. చింపితే రెండూ పోతాయి.

బయట కారు ఆగింది. గేటు కిర్రుమంది.

"మహిధర్ గారూ," అని అమర్నాథ్ గొంతు. "ఉన్నారా? ఆలస్యమైంది, ఏమనుకోకండి."

మహిధర్ లేచాడు. బుక్కు మూసి, అట్ట మీది పిండిని చొక్కా అంచుతో తుడిచాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. వెనక్కి వచ్చి దాన్ని స్వప్న ఒళ్లో పెట్టాడు.

"సార్‌కు ఇయ్యాల్నా, వద్దా? నువ్వు చెప్పు."

ముప్పయ్యొక్క ఏళ్లలో ఆ ఇంట్లో పెద్ద సంగతి ఏదీ ఆమెను అడిగి జరగలేదు. పెండ్లి అడిగి జరగలేదు. పుట్టినరోజు కూడా అడిగి రాయలేదు. స్వప్న బుక్కు మీద రెండు చేతులూ పెట్టుకుంది. పక్కన షరీఫున్నీసా తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది.

"సార్‌ను కూసోమనున్రి," అంది స్వప్న. "రొట్టెలు బగ్గ ఉన్నయి, తినమనున్రి. నేను జర ఆలోచించుకోవాలె."

"ఎంతసేపు? ఆయన సాయంత్రం మళ్ల పోవాలె."

స్వప్న చాలా రోజుల తర్వాత నవ్వింది.

"పోయిన శుక్రవారం నుంచి నాకు రెండున్నరేండ్లు తక్కువ," అంది. "నాకేం తొందర లేదు."